జహీరాబాదు దారిలో అల్లిక సంచి

హైదరాబాదు నుండి బొంబాయి రోడ్డు పట్టుకొని పడమటికి వెళ్తే పటాన్‌చెరు, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట వరుసగా వస్తాయి. సదాశివపేట దగ్గర నల్లరేగడి చేలు కనిపిస్తాయి. ఇంకొంత దూరం పోయాక నేల ఎర్రబడుతుంది. దాదాపు వంద కిలోమీటర్లు వచ్చేసరికి బస్సు అద్దాల మీద, సీట్ల మీద, మన బట్టల మీద ఎర్రని దుమ్ము పలచగా పేరుకొని ఉంటుంది. జహీరాబాదు వచ్చిందన్నమాట. ఈ రోడ్డును ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు గాని, ఇక్కడి పెద్దవారికి అది ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే.

ఈ ఊరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా మాట మారలేదు. బజారులో అల్లం బేరమాడే రైతు ఒక వాక్యంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిపేస్తాడు. ఇక్కడి స్త్రీలు ఉన్ని అల్లేటప్పుడు కూడా అంతే. వారికి అల్లికలో రెండే మాటలు, సీదా, ఉల్టా. 'రెండు సీదా, రెండు ఉల్టా' అని ఒకామె చెప్తే, తెలుగు తప్ప మరేదీ రాని పల్లెటూరి కోడలు కూడా వెంటనే అందుకొంటుంది.

దక్షిణ దేశంలో ఉన్ని అల్లిక ఎందుకని కొందరికి సందేహం రావచ్చు. కోస్తా జిల్లాల వారికైతే మరీను. జహీరాబాదు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల ఎత్తున, చుట్టూ అడ్డులేని మైదానంలో ఉంది. పక్కనే ఉన్న కోహీరు పేరు శీతకాలంలో వార్తాపత్రికలు చదివేవారికి తెలుసు. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో ఆ పేరు తరచుగా వస్తుంది. 5 డిగ్రీల దగ్గరికి దిగిన రాత్రులున్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చెరకు కొట్టడానికి పోయే కూలీలు, మంచులో పాలు పోయడానికి సైకిలెక్కే పిల్లలు, రేకుల ఇంట్లో నిన్ననో మొన్ననో పుట్టిన పసికందు, వీరందరికీ ఆ చలి ఒక్కటే.

అందుచేత ఇక్కడి సంఘాల్లోని స్త్రీలు స్వెట్టర్లు, మఫ్లర్లు, పసిపిల్లల టోపీలు అల్లుతారు. అల్లడం వచ్చినవారు చాలామందే ఉన్నారు. అయితే మొదలుపెట్టిన వాటిలో పూర్తయ్యేవి ఎన్ని? ఏ ఇంట్లోనైనా ట్రంకుపెట్టె మూత తెరిచి చూడండి. వీపు భాగం పూర్తయి చేతులు లేని స్వెట్టరు ఒకటి, పుల్లల మీద సగంలో ఆగిన టోపీ ఒకటి తప్పక కనిపిస్తాయి. ఎవరికోసం మొదలుపెట్టారో ఆ పిల్లవాడు ఈపాటికి బడికి వెళ్తుంటాడు.

ఇది సోమరితనం వల్ల కాదు. మన పల్లె స్త్రీకి ఒక గంట కాలం ఒకేచోట దొరకదు. పది నిమిషాలు ఆసుపత్రి వరుసలో, అరగంట బస్సు కోసం, పావుగంట రేషను దుకాణం ముందు, ఆదివారం ఆరాధన తరువాత పాస్టరమ్మగారి వసారాలో కొంచెం, ఇలా ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. ఆ ముక్క దొరికిన క్షణంలో అల్లిక చేతిలో ఉండాలి. ఇంటి దగ్గర పెట్టెలో ఉంటే ఆ పది నిమిషాలు పోయినట్టే. కాబట్టి పుల్లలు ఎంత మంచివి, ఉన్ని ఎంత మంచిది అనేవి తరువాతి మాటలు. అసలు మాట సంచిది.

ఈ సంగతి నాకు బాగా తెలియజేసినది జహీరాబాదు దగ్గరి ఒక పల్లెలో ఉద్యోగ విరమణ చేసి స్థిరపడిన టీచరమ్మ. సంఘ స్త్రీల సమాజంలో పెద్ద. ఆమె ఎక్కడికి వెళ్ళినా వీపున పిల్లల స్కూల్ బ్యాగు ఉంటుంది. మనవడు అయిదో తరగతి దాటాక వదిలేసిన నీలంరంగు బ్యాగు అది. ఒక జిప్పు చెడిపోతే గుడ్డ, బొత్తాలు వేసి కుట్టారు. అరవై దాటిన మనిషి జరీ అంచు చీర కట్టుకొని వీపున బడిపిల్లల బ్యాగు వేసుకొని నడుస్తుంటే చూసేవారు నవ్వుతారు. ఆమె పట్టించుకోరు.

"చేతి సంచి ఉంటే ఒక చెయ్యి దానికే పాయె. బస్సుల నిలవడితె ఇంకో చెయ్యి కమ్మి పట్టుకోవాలె. ఇగ టికెట్టు ఎవలు దీస్కుంటరు బిడ్డా?" అన్నారు.

ఆ మాటలో ఇప్పటి కాలపు సంగతి ఉంది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. డబ్బులు ఇవ్వనక్కర లేదు గాని జీరో టికెట్టు తీసుకోవాలి, అందుకు గుర్తింపు కార్డు చూపాలి. ఆసుపత్రికి, బంధువుల ఇంటికి, కూతురు చదివే హాస్టలుకు ఇదివరకు వెళ్ళలేనివారు వెళ్తున్నారు. మంచిదే. కాని బస్సులో నిలబడే జాగా కూడా కష్టం. భుజానికి వేలాడే సంచి పక్కవారికి తగులుతుంది, తోపులాటలో తిరగబడుతుంది, అందులోని ఉన్ని ఉండ సీట్ల కిందికి దొర్లుతుంది. ఎర్రమట్టి పాదాల మధ్య దొర్లిన తెల్లని ఉన్ని సంగతి చెప్పనక్కర లేదు. బ్యాగు వీపున ఉంటే రెండు చేతులూ ఖాళీ. మరీ రద్దీగా ఉంటే ముందువైపుకు తిప్పి చంటిబిడ్డను ఎత్తుకొన్నట్టు ఎత్తుకోవచ్చు. సీటు దొరికితే ఒళ్ళో పెట్టుకొంటే అదే బల్ల.

ఆ బ్యాగు లోపల ఎలా సర్దుకొన్నారో ఆమె విప్పి చూపించారు. చూసినది చూసినట్టు రాస్తున్నాను, మన సహోదరీలకు పనికివస్తుంది.

వీపుకు ఆనే వైపున, పుస్తకాలు పెట్టే అరలో, ఒక గట్టి అట్ట. పరీక్షకు పిల్లలు తీసుకుపోయే అట్టే. అల్లిక పుల్లలు దానికి ఆనించి నిలువుగా ఉంటాయి. మొనలు పైకి. ప్రతి మొనకు పెన్సిలు చెరిపే రబ్బరు ముక్క గుచ్చి ఉంటుంది. దానివల్ల రెండు లాభాలు. మొన గుడ్డను చించుకొని వచ్చి ఎవరికీ గుచ్చుకోదు, పుల్ల మీది కుట్లు జారిపోవు. ఒక సహోదరి రబ్బరు పెట్టకుండా బస్సెక్కి, దిగేసరికి నలభై కుట్లు విడిపోయి, అక్కడే బస్టాండులో కూర్చొని ఏడ్చిందట. పుల్లల నంబర్ల సంగతి కూడా చెప్పాలి. మన దుకాణాల్లో దొరికే వాటికి పాత ఇంగ్లీషు లెక్క. నంబరు పెరిగేకొద్దీ పుల్ల సన్నబడుతుంది. 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు మూడుంబావు మిల్లీమీటర్లు. పుల్లలు కలిసిపోతే అల్లిక ఒకవైపు బిగువుగా, ఒకవైపు వదులుగా వస్తుంది. అందుకని ఆమె ఒక్కొక్క జతకు ఒక్కొక్క రంగు దారం చుట్టి పెట్టుకొన్నారు.

పెద్ద అరలో మూడు గుడ్డ సంచులు. పాత లంగా బట్టతో కుట్టి, మూతికి నాడా వేసినవి. ఒక్కొక్క పని ఒక్కొక్క సంచిలో. ఒకదాన్లో టోపీ, ఇంకోదాన్లో ఎవరిదో స్వెట్టరు, మూడోదాన్లో మిగిలిన రంగుల ముక్కలు. మూడు కంటే ఎక్కువ పనులు ఆ బ్యాగులోకి రానివ్వరు. నాలుగోది కావాలంటే ఒకటి పూర్తి చేసి బయటికి పంపాలి. సగంలో ఆగిన పనులకు ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు.

ఉన్ని ఉండను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకు వేడి సూదితో రంధ్రం చేసి, కొస దాన్లోనుండి బయటికి తీశారు. ఎంత లాగినా ఉండ డబ్బాలోనే తిరుగుతుంది, కింద పడదు. రంధ్రం అంచు గరుకుగా ఉంటే ఉన్ని పోగు లేస్తుంది గనుక, కొవ్వొత్తి మంటతో నున్నగా చేయాలి.

ముందరి చిన్న అరలో టేపు, చిన్న కత్తెర, మొద్దు సూది, పిన్నీసులు, ఒక పొడుగాటి నోటుబుక్కు. ఎన్నో వరుసలో ఆపారో ఆ బుక్కులో గీతలు పెడతారు. "యాది మీద బరోసా పెట్టొద్దు" అంటారు. కండక్టరు పిలిస్తే, పసివాడు ఏడిస్తే, ఊరు వస్తే, చేతిలోది వదలవలసిందే గదా. నీళ్ళసీసా బయటి జాలీ జేబులో. అన్నం టిఫినుకు ఆ బ్యాగులో చోటు లేదు. పచ్చడి నూనె ఒక్క చుక్క పడితే ఉన్నికి అది పోదు. అడుగున ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పడేశారు. ఇప్పుడు దుకాణాల్లో ఉన్ని అని అమ్మేది చాలావరకు యాక్రిలిక్ నూలు. దాన్ని పురుగు తినదు. నిజమైన గొర్రె ఉన్నిని మాత్రం తింటుంది. వేపాకు పద్ధతి ఈ ప్రాంతంలో కొత్తగా నేర్పవలసినది కాదు. జహీరాబాదు పక్కనే ఉన్న పస్తాపూరులో, 1983 నుండి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు జొన్న, కొర్ర, కంది విత్తనాలను బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచే తీరు దేశమంతటికీ తెలిసింది.

సంచిని గురించి ఇంత రాస్తున్నానని చదువరులు నవ్వుకోవచ్చు. పరిశుద్ధ గ్రంథం సంచిని చిన్నచూపు చూడలేదు. దావీదు ఏటిలోయలో ఏరుకొన్న అయిదు రాళ్ళను గొర్రెలకాపరి సంచిలో వేసుకొన్నాడని మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో చదువుతాము. మన తెలుగు బైబిల్లో అక్కడ చిక్కము అనే మాట వాడారు. చిక్కమంటే తాటితో అల్లిన వల సంచి. ఎద్దు మూతికి కట్టేదాన్నీ చిక్కమే అంటాము. అనువాదకులు మన ఊరి మాటను తెచ్చి ఏలా లోయలో పెట్టారు! అపొస్తలుల కార్యములు 18లో పౌలు, అకుల, ప్రిస్కిల్లలు డేరాలు కుట్టేవారని ఉంది. ఊరూరు తిరిగే మనిషి ఆ పనిముట్లను వెంట మోసుకొనే ఉంటాడు.

గొర్రెలకాపరులు జహీరాబాదు ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. కురుమల ఇళ్ళలో దక్కనీ గొర్రె ఉన్నిని స్త్రీలు వడికితే, మగవారు గుంటమగ్గం మీద గొంగడి నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పెడతారు. ఆ గొంగడి వానకు గొడుగు, రాత్రికి పరుపు, పగలు భుజాన మడత. మడతలో రొట్టె మూట కూడా పెట్టుకొంటారు. సంచిగా పనికివచ్చే దుప్పటి అన్నమాట. అయితే మాంసం కోసం బొచ్చు తక్కువ గొర్రెలను పెంచడం ఎక్కువైంది. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాయి. గొంగడి నేసే మగ్గాలు తగ్గిపోయాయి. ఆ నల్లని ఉన్ని గరుకుగా ఉంటుంది గనుక పసిబిడ్డ నెత్తికి పనికిరాదు. టీచరమ్మ సంచిలో మాత్రం ఒక నల్లటి ఉండ చూశాను. పొలం కాపలా కాసే ముసలాయనకు మేజోళ్ళు అల్లుతున్నారట.

లంబాడీ తండాల సంగతి వేరు. ఒకప్పుడు ఎద్దుల మీద గోనెలు వేసి ఉప్పు, ధాన్యం దేశం పొడుగునా మోసినవారు వీరు. దక్కనుకు వచ్చిన మొగలు సైన్యాలకు కూడా వీరే ధాన్యం చేరవేశారు. మన గోనె మాటకు తోబుట్టువైన మాటే ఇంగ్లీషులోకి పోయి గన్నీ అయింది. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది గాని, సంచి మీద కుట్టుపని పోలేదు. తమలపాకుల సంచికి కూడా అద్దాలు, గవ్వలు కుట్టుకొన్న స్త్రీలు వారు. ఇక్కడి తండాల్లో పెద్దవయసు ఆడవారి దగ్గర అలాంటి పాత సంచులు ఇంకా ఉన్నాయి. పట్నం నుండి వచ్చినవారు కొంత డబ్బు చేతిలో పెట్టి కొనుక్కుపోతున్నారు. నాకైతే అవి ఆ ఇంటి మనవరాళ్ళకు దక్కితే బాగుండుననిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట ధైర్యంగా రాయాలి. ముక్కలు ముక్కలుగా దొరికే కాలంలో పని చేయడం గొప్పగా చెప్పుకొంటాము. ఆ గొప్పను ఆసరా చేసుకొని స్త్రీల కష్టాన్ని చవకగా కొన్న చరిత్ర కూడా మన తెలుగు నేల మీదే ఉంది. పశ్చిమ గోదావరిలోని నరసాపురం లేసు సంగతి చాలామందికి తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన చేతిపని అది. కరవు రోజుల్లో బీద క్రైస్తవ కుటుంబాలకు ఆసరా అయింది. తరువాత వ్యాపారుల చేతికి పోయింది. దాన్ని గురించి మారియా మీస్ అనే జర్మన్ పండితురాలు 1982లో పుస్తకం అచ్చువేశారు. రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లే స్త్రీలను ఇంటిపట్టున ఊరికే కూర్చున్న గృహిణులుగా లెక్కగట్టి, వారి పనిని తీరుబడి పనిగా భావించి, అతి తక్కువ కూలి ఇచ్చారని ఆమె చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు గుర్తింపు వచ్చినట్టే అల్లే చేతికి కూలి కూడా రావాలి గదా.

కాబట్టి జహీరాబాదు స్త్రీల సమాజంలో ఒక కట్టుబాటు పెట్టుకొన్నారు. దానం కోసం అల్లేది దానానికి, అమ్మకానికి అల్లేది అమ్మకానికి. రెండూ ఒక సంచిలో ఉన్నా రెండు మూటల్లో ఉంటాయి. అమ్మే స్వెట్టరుకు ఉన్ని ఖర్చు ఎంత, ఎన్ని గంటలు పట్టింది, ఆ నోటుబుక్కులోనే రాసుకొంటారు. అడిగినవారికి లెక్క చూపించి ధర చెప్తారు. "దేవుని పేరు జెప్పి తక్కువకడిగేటోళ్ళే ఎక్కువ" అని టీచరమ్మ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దానానికి అల్లేవాటిలో ముఖ్యమైనవి పసికందుల టోపీలు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. అటువంటి బిడ్డ ఒంటిలో కొవ్వు తక్కువ, వేడి నిలవదు. ఒళ్ళంతటితో పోల్చితే పసిబిడ్డకు తల పెద్దది, అక్కడినుండి వేడి చాలా పోతుంది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, వెచ్చబెట్టే పెట్టెలు చాలక, వైద్యులు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి మొదలుపెట్టారు. కంగారు పద్ధతి అని ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా నేర్పుతున్నారు. అందులో బిడ్డకు లంగోటీ, మేజోళ్ళు, తలకు టోపీ, అంతే. మిగతా వెచ్చదనం తల్లి ఒంటిదే. ఆ టోపీ మన చేతిలో పని.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 33 నుండి 35 సెంటీమీటర్లు ఉంటుంది. తక్కువ బరువు బిడ్డకు ఇంకా చిన్నది. 10వ నంబరు పుల్లల మీద 76 కుట్లు వేసి రెండు సీదా, రెండు ఉల్టా అల్లితే సాగుతుంది గనుక నిండు బిడ్డకు సరిపోతుంది. చిన్న బిడ్డకు 64 చాలు. బొత్తాలు, పూసలు, మెడకు కట్టే తాళ్ళు పెట్టకూడదు. గొంతుకు చుట్టుకోవచ్చు, నోట్లో పోవచ్చు. అల్లినదాన్ని ఉతికి, ఎండలో ఆరబెట్టి, శుభ్రమైన కవరులో పెట్టి ఇవ్వాలి. ఇంకో జాగ్రత్త. యాక్రిలిక్ ఉన్ని నిప్పుకు కరిగి ఒంటికి అంటుకొంటుంది. చలికాలం మంట వేసుకొని కూర్చునే అలవాటు మనకుంది. టోపీ ఇచ్చేటప్పుడు తల్లికి ఈ మాట తప్పక చెప్పాలి. చదువురాని తల్లులున్నారు గనుక కాగితం మీద రాసి ఇస్తే సరిపోదు.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురుకు చూపించారని అపొస్తలుల కార్యములు 9లో ఉంది. వారు చూపించినవి పూర్తయిన బట్టలు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ట్రంకుపెట్టెల్లోని సగం స్వెట్టర్లు నాకు గుర్తుకువస్తాయి.

ఈ ఏడు సమాజం వారు నవంబరును గడువుగా పెట్టుకొన్నారు. వికారాబాదు దగ్గర ధారూరులో 1923 నుండి మెథడిస్టు సంఘం వారి జాతర నవంబరులో జరుగుతుంది. జహీరాబాదు, కోహీరు, బీదరు వైపు నుండి కుటుంబాలకు కుటుంబాలు వంటసామాను మూటలు కట్టుకొని వచ్చి, చెట్ల కింద డేరాలు వేసుకొని రోజుల తరబడి ఉంటారు. తెల్లవారుజామున అక్కడ చలి బాగానే ఉంటుంది, చంటిపిల్లల తల్లులు చాలామంది వస్తారు. టీచరమ్మ పోయినసారి పన్నెండు టోపీలు తీసుకువెళ్తే మొదటి రోజు సాయంత్రానికే అయిపోయాయట. ఈసారి ఒక్కొక్కరు నాలుగు అల్లాలని, పదిమంది కలిసి నలభై చేయాలని లెక్క. పదిమందిలో ఆరుగురికి వీపు సంచులున్నాయి. మిగిలిన నలుగురికి పాత స్కూల్ బ్యాగులు ఇవ్వగలవారు ఉంటే ఇవ్వమని ఆదివారం ప్రకటనల్లో చదివించారు. జిప్పు చెడిపోయినా ఫరవాలేదన్నారు, కుట్టుకొంటారు.